ఇంటిలో వైఫై సన్నగిల్లినచో చేయవలసిన పనులు



2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్లకు చేరువలో తీరము దాటినపుడు డెల్టాలో వరి పంట పెక్కుచోట్ల నేలపాలైనది. అట్టి దినములలో వాతావరణ శాఖవారి హెచ్చరిక ఒకపూట ముందుగా చేతికందుట యెంత మేలో వేరుగ చెప్పనక్కరలేదు. నేడా హెచ్చరికయు, పంట నమోదు వివరములును, పిల్లల పాఠములును ఇంటర్నెట్టు మూలమున వచ్చుచున్నవి. 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ మొదలగు సంస్థల తీగలు పల్లెలకును చేరినవి. అయినను తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల ఇండ్లలో "ముందుగదిలో వచ్చును, వెనుక వసారాలో రాదు" అను మాట వినబడుచునే యున్నది. వెంటనే హెచ్చు వెలగల ప్యాకేజీకి మారుట కొందరి యలవాటు. అది తరచు వ్యర్థవ్యయము.

కృష్ణా పశ్చిమ డెల్టా రైతులకు శివారు భూముల కష్టము తెలియనిది కాదు. లాకు వద్ద నీరు నిండుగనున్నను, బోదె పూడియున్నచో చివరి మడికి నీరందదు. ఇచటను అంతే. ఫైబరు తీగ కాలువ, రూటరు తూము, వైఫై బోదె. లోపమెచ్చటనున్నదో మొదట తెలిసికొనవలెను.

ఇతరులెవ్వరును వాడని వేళ రూటరునకు నాలుగడుగుల దూరమున నిలిచి వేగము చూడుడు. వీలైనచో తీగతో కంప్యూటరునకు నేరుగ తగిలించి చూచుట ఉత్తమము. అట్లు చూచినను వేగము తక్కువైనచో సంస్థవారికి ఫిర్యాదు చేయుడు. అచట బాగుండి పెరటిలో సన్నగిల్లినచో లోపము ఇంటిలోనిదే. బైటునకు 8 బిట్లు గనుక, 100 మెగాబిట్ల ప్యాకేజీలో సెకనుకు దిగునది 12.5 మెగాబైట్లే, దానిని మోసమని తలపరాదు.

ఇక బోదె బాగుచేయు విధము. రూటరును మూలగదిలోగాని, ఇనుప బీరువా వెనుకగాని, ఫ్రిజ్జు ప్రక్కనగాని ఉంచరాదు. ఇనుము తరంగములను త్రిప్పికొట్టును, నీరు పీల్చుకొనును, మందపు గోడయు, ఇనుప కడ్డీల స్లాబును వాటి బలమును తగ్గించును. ఇంటి నడుమ, నిలువెత్తున, అడ్డులేని చోట నుంచుట మేలు.

నేటి రూటర్లు పెక్కింటిలో రెండు తరగతుల తరంగములు కలవు. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరము పోవును, వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది వేగము గలది, గోడలకు త్వరగా లొంగును. దగ్గరి గదిలో రెండవదానిని, వసారాలో మొదటిదానిని వాడుడు. ఇండ్లు దగ్గరగానున్న వీధులలో పొరుగువారి వైఫై అడ్డుపడుచున్నచో, 2.4 తరగతిలో 1, 6, 11 అను మార్గములలో రద్దీలేని దానిని ఎన్నుకొనవలెను. సంకేతపదమును ఊరందరికిచ్చిన బోదెకు గండి కొట్టినట్లే.

పశువుల సావిడికో, రేకుల షెడ్డుకో కావలసినచో రూటరునుండి ఈథర్నెట్ తీగ లాగి అచట వేరొక వైఫై పెట్టె పెట్టుట శ్రేష్ఠము. ఈ తీగ 100 మీటర్లు మించరాదు. తీగ లాగుట సాధ్యము కానపుడు రిపీటరు పెట్టవచ్చును. కాని దానిని వైఫై రానిచోట గాక, ఇంకను బాగుగ వచ్చుచున్న నడిమిచోట నుంచవలెను. ఎండిన మడిలో తూము పెట్టిన నీరెట్లు వచ్చును? రిపీటరు వలన వేగము కొంత తగ్గుననియు నెరుగవలెను.

ఫైబరు తీగలోనిది గాజు. దానిని మడచి మేకునకు కట్టరాదు. కరెంటు పోయిన రూటరు ఆగును గనుక, చిన్న బ్యాటరీ నొకదానిని అమర్చుకొనుడు. గాలివానకు తీగయే తెగినచో దిక్కు సెల్‌ఫోనే. తుపాను దినములలో దానిని ముందే నిండుగ చార్జి చేసియుంచుడు.

ఈ పనులలో పెక్కింటికి కాసు ఖర్చు లేదు. ముందివి చేసి చూచి, అప్పటికిని చాలనిచో ప్యాకేజీ మార్చుట వివేకము.