కాగితం మారితే పేజీ ఏమవుతుంది?

మహాశివరాత్రి దగ్గర పడిందంటే నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లలో కోటప్పకొండ తిరునాళ్ల సందడి మొదలవుతుంది. వెదురు బొంగులతో ఎత్తయిన ప్రభలు కడతారు. అచ్చు పని కూడా పెరుగుతుంది. ఒకే ప్రకటన చేతికిచ్చే కరపత్రంలో ఉంటుంది, గోడమీది పోస్టరులో ఉంటుంది, రోడ్డు పక్కన నిలబెట్టే ఫ్లెక్సీలోనూ ఉంటుంది. మాటలు అవే, బొమ్మ అదే. కొలతలు మాత్రం మూడు రకాలు. మరి ఒకసారి కూర్చిన పేజీని మూడు కొలతలకూ సరిపెట్టడం ఎలా? ఎప్పుడైనా ఆలోచించారా?

నీరూ, నాపరాయీ

పూర్వం అచ్చాఫీసులో కంపోజిటరు సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి వరుసగా పేర్చేవాడు. వరుస వెడల్పు ఒక అంగుళం తగ్గించమంటే ఏమవుతుంది? మొదటి వరుసలోని చివరి మాట రెండో వరుసలోకి, రెండో వరుసలోది మూడో దానిలోకి జరగాలి. అంటే పేజీ అంతా మళ్లీ పేర్చవలసిందే! అక్షరం చిన్నది కావాలంటే వేరే సైజు సీసపు అక్షరాలే తేవాలి.

1985లో అమెరికాలోని ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామును విడుదల చేసింది. వెనిస్ నగరంలో 1501 నుంచి చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలు అచ్చువేసిన ఆల్డస్ మనూషియస్ పేరే ఆ సంస్థకు పెట్టుకున్నారు. తరువాత మన డి.టి.పి. సెంటర్లలో ఎన్నో తెలుగు పుస్తకాలూ, శుభలేఖలూ ఈ పేజ్‌మేకర్‌లోనే తయారయ్యాయి.

ఇందులో మాటలు నీళ్లలాంటివి. చెంబులో పోస్తే చెంబు ఆకారం, పళ్లెంలో పోస్తే పళ్లెం ఆకారం. మాటలున్న చట్రం వెడల్పు మారిస్తే వరుసలు వాటంతట అవే సర్దుకుంటాయి. కాని బొమ్మ అలా కాదు. అది మన పల్నాటి నాపరాయిలాంటిది. కుండలో వేసినంత మాత్రాన కుండ ఆకారానికి రాదు గదా! పేజీలో నీరూ ఉంది, రాయీ ఉంది. చిక్కంతా అక్కడే.

జిరాక్స్ మిషనులోని 71

ముందుగా తేలిక లెక్క చూద్దాం. ఎ4 కాగితం వెడల్పు 210 మి.మీ., పొడవు 297 మి.మీ. 297ను 210తో భాగించండి. 1.414 వస్తుంది. ఇది 2కు వర్గమూలం అని లెక్కల మాస్టారు చెప్పే ఉంటారు. ఆ కాగితాన్ని సగానికి మడవండి. ఇప్పుడు వెడల్పు 148, పొడవు 210. నిష్పత్తి మళ్లీ దాదాపు అదే! కాగితం సగమైనా ఆకారం మారలేదు. ఇదే ఎ5.

కాబట్టి ఎ4 పేజీని ఎ5లోకి తేవాలంటే అన్ని కొలతలనూ 0.707తో గుణిస్తే చాలు. జిరాక్స్ మిషను మీద కనిపించే 71 శాతం ఇదే. ఎ3కి పెంచాలంటే 141 శాతం.

కాని ఒక జాగ్రత్త. అచ్చులో అక్షరాల కొలత పాయింటు. కంప్యూటరు లెక్కలో అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు. 14 పాయింట్ల అక్షరం ఎ5లో సుమారు 10 పాయింట్లవుతుంది. ఇంకా తగ్గిస్తే? తెలుగులో అక్షరం పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. అవి పూడుకుపోయి చదవడం కష్టమవుతుంది.

ఆకారమే మారితే?

ఇప్పుడు 3 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న ఫ్లెక్సీ కావాలనుకోండి. పేజీని నిలువుగా సాగదీస్తే ఎత్తు ఉండవలసిన దానికి దాదాపు 1.9 రెట్లవుతుంది. గుండ్రని చక్రం కోడిగుడ్డవుతుంది, మనిషి ముఖం దోసకాయవుతుంది! సాగదీయకుండా సమంగా పెంచితే ఎత్తు 4.24 అడుగులే వస్తుంది. మిగిలిన మూడు ముప్పావు అడుగులూ ఖాళీ!

దీనికి ఉపాయం పేజీకి కొన్ని నియమాలు చెప్పడం. 1994లో ఆల్డస్‌ను కలుపుకున్న అడోబి సంస్థ 1999లో ఇన్‌డిజైన్ అనే ప్రోగ్రాము తెచ్చింది. అందులో 2012 నుంచి లిక్విడ్ లేఅవుట్, అంటే ద్రవంలాంటి అమరిక, ఉన్నది. అన్నిటినీ సమంగా పెంచమని గాని, ఏదీ మార్చకుండా నడిమికి జరపమని గాని, మనం గీసిన గీతకు తగిలిన వాటినే సాగదీయమని గాని చెప్పవచ్చు.

నాలుగో పద్ధతి మేకు కొట్టడం. ప్రభ బొమ్మను పై అంచుకు మేకు కొట్టి, కొలతలు మారరాదని చెప్పండి. తేదీ ఉన్న వరుసను కింది అంచుకు మేకు కొట్టండి. నడుమనున్న కార్యక్రమాల చట్రాన్ని మాత్రం పైకీ కిందికీ సాగనివ్వండి. ఇక కాగితం ఎంత పొడవైనా బొమ్మ పైనే, తేదీ కిందనే ఉంటాయి. 2018లో వచ్చిన మరో ఏర్పాటులో అక్షరాలు కూడా పేజీతోపాటు మారతాయి. ఇంతకంటే చిన్నవి కారాదు, ఇంతకంటే పెద్దవి కారాదు అని హద్దులు కూడా మనమే పెట్టవచ్చు.

కనబడని వరుస

మరి కంప్యూటరే అంతా సర్దితే మనకు పనేముంది? ఉంది! చట్రం చిన్నదై మాటలు పట్టకపోతే, మిగిలిన మాటలు చట్రం వెనుక దాగిపోతాయి. చట్రం మూల ఒక చిన్న ఎర్రని కూడిక గుర్తు మాత్రం కనిపిస్తుంది. ఆ మాటలు అచ్చులో రావు. ఉచిత కంటి శిబిరం కరపత్రంలో అలా దాగిన చివరి వరుస, శిబిరం ఏ రోజు, ఎక్కడ అనేదే అయితే? కళ్లు సరిగా కనబడని ఒక అవ్వ గురజాల నుంచో, మాచర్ల నుంచో బస్సెక్కి వచ్చి, శిబిరం నిన్ననే అయిపోయిందని తెలుసుకుని తిరిగి వెళ్లవలసి వస్తుంది. పేజీ చూడటానికి ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం?

ఏది సాగవచ్చో, ఏది సాగకూడదో, ఏది ఎన్నటికీ పోకూడదో కంప్యూటరుకు తెలియదు. అది మనం చెప్పాలి. సర్దిన తరువాత ప్రూఫు తీసి ప్రతి వరుసా చదవాలి.

మీరే చేసి చూడండి

ఒక పాత సైకిలు ట్యూబు ముక్కమీద సున్నముక్కతో గుండ్రంగా సున్న గీసి, రెండు చివరలా పట్టి లాగండి. సున్న ఏమైంది? తరువాత మీ పాఠశాల వార్షికోత్సవ ప్రకటనకు బొమ్మ, పేరు, కార్యక్రమం, తేదీ నాలుగు అట్టముక్కల మీద రాయండి. వాటిని ముందు ఎ4 కాగితం మీద, తరువాత పొడవాటి కాగితపు పట్టీ మీద అమర్చండి. ఏ ముక్కను కదల్చారు, దేన్ని మళ్లీ రాయవలసి వచ్చింది, దేన్ని తాకనే లేదు? ఆ జాబితాయే మీ పేజీకి నియమావళి.