సైకిలు పందెము – దేహరక్షణ

మన దేశమున సైకిలు సామాన్యుని వాహనము. పాలు పోయువానికి, తపాలా జవానుకు, బడికి పోవు బాలికకు అది నిత్యోపయోగము. ఆ సైకిలుపైననే దూరపు పందెములలో పాల్గొనవలెనను ఉత్సాహము నేడు యువతీయువకులకే గాక నడివయస్సు వారికిని కలుగుచున్నది. ఇది మెచ్చదగిన విషయమే. సైకిలు త్రొక్కుట వలన గుండెయు, ఊపిరితిత్తులును బలపడును. పరుగునందు వలె మోకాళ్లపై అదురు పడదు. కాని పనికి పోవుట వేరు, పందెమున పోటీపడుట వేరు.

1945లో ఆరంభమైన ముంబయి–పుణె పందెమునే చూడుడు. దూరము సుమారు 150 కిలోమీటర్లు. తీరప్రాంతపు చదునునేలపై చాల దూరము సాగిన పిదప, ఖోపోలీ దాటగానే బోర్‌ఘాటు కనుమ ఎదురగును. ఖండాలా చేరుసరికి దాదాపు 500 మీటర్ల ఎత్తు ఎక్కవలసియుండును. చదునున బలమంతయు వెచ్చించినవాడు ఈ కనుమలోనే చతికిలబడును.

శరీరమున జరుగునదేమి?

కండరములు ఖర్చుచేయు శక్తిలో సుమారు నాల్గవ వంతు మాత్రమే చక్రమును త్రిప్పును. మిగిలినది వేడిగా మారును. చెమట ఆరుట ద్వారా శరీరము ఈ వేడిని పోగొట్టుకొనును. ఎండలో గట్టిగా త్రొక్కువానికి గంటకు 1 లీటరు, అంతకు మించియు చెమట పోవచ్చును. గాలిలో తేమ హెచ్చుగా నున్నచో చెమట కారునే గాని ఆరదు. వేడి లోపలనే నిలిచిపోవును.

రెండు విషాదములు

1960 ఆగస్టు 26న రోము ఒలింపిక్సులో 100 కిలోమీటర్ల జట్టు పందెమునందు, డెన్మార్కు క్రీడాకారుడు క్నుడ్ ఎనెమార్క్ యెన్సెన్ తీవ్రమైన ఎండలో సొమ్మసిల్లి పడి ఆనాడే మరణించెను. ఆయన వయస్సు 23 ఏండ్లు. 1967 జులై 13న ఫ్రాన్సులోని వాంటూ పర్వతముపై, వృత్తి క్రీడాకారుడైన టామ్ సింప్సన్ మండుటెండలో కుప్పకూలి 29వ ఏట మరణించెను. ఆయన దేహమున ఆంఫెటమిను అను ఉత్తేజక ఔషధమును, మద్యమును ఉన్నట్లు పరీక్షలో తేలెను. అలసట శరీరము చేయు హెచ్చరిక. ఉత్తేజక ఔషధము అలసటను తీర్చదు. హెచ్చరికను మాత్రము మరుగుపరచును.

పందెమునకు ముందు

సాధన కొన్ని నెలల ముందే ఆరంభించి, దూరమును కొద్దికొద్దిగా పెంచుకొనవలెను. 10 నుండి 14 దినములు ఎండవేళ మితముగా సాధన చేసినచో శరీరము వేడికి అలవాటుపడును. గుండెజబ్బు, మధుమేహము, రక్తపుపోటు గలవారును, శ్రమించినపుడు ఛాతీలో నొప్పి తోచువారును ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. జ్వరముతో ఎన్నడును పోటీకి దిగరాదు.

పందెము నాడు

బయలుదేరుటకు రెండు మూడు గంటల ముందు ఇడ్లీ వంటి తేలిక ఆహారము భుజింపవలెను. కండరములలోని నిల్వశక్తి రెండు గంటలలో చాలవరకు తరిగిపోవును గనుక, త్రోవలో అరటిపండ్లు, ఖర్జూరములు తినుచుండవలెను. 1 లీటరు శుభ్రమైన నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, దాహమును బట్టి కొద్దికొద్దిగా త్రాగవలెను. అమితముగా నీరు త్రాగుటయు ప్రమాదమే; రక్తమున లవణము పలుచబడి మూర్ఛ రావచ్చును. ముందువాని వెనుక సాగినచో ఎదురుగాలి తగ్గి శ్రమ కలిసివచ్చును; కాని చక్రమునకు చక్రము తగులనీయరాదు. శిరస్త్రాణము తప్పక ధరింపవలెను.

ప్రమాద చిహ్నములు

తలనొప్పి, వాంతి, కాళ్ల తడబాటు, పొంతనలేని మాటలు – ఇవి వడదెబ్బ లక్షణములు. వెంటనే ఆగి నీడకు చేర్చవలెను. బట్టలు వదులుచేసి, ఒడలెల్ల చల్లని నీరు పోయుచు విసరవలెను. 108కు కబురంపవలెను, వాహనము వచ్చునంతవరకు చల్లబరచుట మానరాదు. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

తోటివాడు తడబడుట చూచినవారు తమ పందెము మాని అతనికి తోడ్పడవలెను. తనయందే ఆ లక్షణములు తోచినవాడు సిగ్గుపడక సైకిలు దిగవలెను. జీవనోపాధికై గాక ఆరోగ్యమునకును, ఆనందమునకును పోటీపడువారికి ఆగుట వలన కలుగు నష్టము స్వల్పము. పందెము మరుసటి యేడు మరల వచ్చును.