బాగానే ఉన్నామనుకుంటే చాలదు



తిరుపతిలో కాపురమంటే ఇంటికి చుట్టాలు వస్తూనే ఉంటారు. వారిలో చాలామంది కొండకు నడిచి వస్తామని మొక్కుకున్నవారే. అలిపిరి దారిన సుమారు 3,550 మెట్లు. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు నడిచి ఎక్కవద్దని దేవస్థానంవారు హెచ్చరించారు కూడాను. అందుకని, చిత్తూరు నుంచి వచ్చిన మా పెద్దవదినను "నీకు బి.పి. ఉందా వదినా?" అని అడిగాను.

"నాకేమమ్మా, గుండ్రాయి మాదిరి ఉండాను" అంది. ఎప్పుడైనా చూపించుకున్నావా అంటే, "ఏమీ లేనిదానికి ఆస్పత్రి ఎందుకు?" అంది. బలవంతాన తీసుకువెళ్ళాను. పై అంకె 180, కింది అంకె 110! మర్నాడు మళ్ళీ చూసినా తగ్గలేదు. డాక్టరుగారు ఆరోజే మందు మొదలుపెట్టారు. వదిన బస్సులో కొండకు వెళ్ళి, స్వామికి క్షమాపణ చెప్పుకుని వచ్చింది.

ఈ జబ్బులోని మోసమంతా ఇదే. చాలామందికి తలనొప్పీ ఉండదు, కళ్ళు తిరగడమూ ఉండదు. గుండె రక్తాన్ని తోసినప్పుడు నాళాల గోడలమీద పడే ఒత్తిడి పై అంకె; గుండె సడలినప్పుడు ఉండేది కింది అంకె. మోటారు జోరుగా తోస్తే పైపు ఒక్కరోజులో పగలదు. ఏళ్ళ తరబడి అదే జోరైతే ఎక్కడో ఒకచోట చీలుతుంది. మన నాళాలూ అంతే. మెదడులో అయితే పక్షవాతం. గుండె, మూత్రపిండాలు, కళ్ళు కూడా దెబ్బతింటాయి.

చేతికి పట్టీ చుట్టి కొలిచే ఈ పద్ధతిని 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి తెచ్చారు. సూది లేదు, నొప్పి లేదు. రుయాకో, స్విమ్స్‌కో పరుగెత్తనక్కరలేదు. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చూస్తారు. అయితే కాఫీ తాగిన అరగంటదాకా ఆగండి. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోండి. వీపు ఆనించి, పాదాలు నేలమీద మోపి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద పెట్టండి. ఆ రెండు నిమిషాలూ కబుర్లు వద్దు! వేరువేరు రోజుల్లో చూసినా 140/90 లేక అంతకు మించి ఉంటే డాక్టరు సలహా తప్పదు. బాగున్నవారు కూడా ఏడాదికొకసారైనా చూపించుకోవాలి.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయిల సంగతి మరీ ముఖ్యం. ఐదో నెల దాటాక కొందరికి కొత్తగా బి.పి. పెరుగుతుంది. ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలకు ప్రాణాపాయం కావచ్చు. వెళ్ళిన ప్రతిసారీ బి.పి. చూడమని అడగండి.

ఇక ఉప్పు. రోజుకు మనిషికి 5 గ్రాములలోపు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సంగటిలోకి నంజుకునే ఊరగాయ, అప్పడాలు, వడియాలు అన్నీ ఆ లెక్కలోవే.

చివరగా ఒక్కమాట. మూడు నెలలకు వదిన బి.పి. 130/80కి వచ్చింది. "తగ్గిపోయింది కదా, ఇంక మాత్ర ఎందుకు?" అంది. తగ్గింది మాత్రవల్లే వదినా, అన్నాను. డాక్టరు చెప్పకుండా మానితే మళ్ళీ పెరుగుతుంది.

ఇంట్లో అందరికీ వేళకు మందులిచ్చే చేతులు మనవి. ఈ వారం ఆ చేతినే ఒకసారి పట్టీకి అందించండి. సెలవు.