గేరు మారింది, దారి మారింది: బుల్లెట్‌పై తలో మాట

సికింద్రాబాద్: ఊరి పొలిమేరలో ‘డుగ్ డుగ్’ శబ్దం వినబడితే చాలు, వచ్చేదెవరో చూడకుండానే చెప్పగలిగే రోజులుండేవి. సబ్ ఇన్‌స్పెక్టరో, సెలవు మీద వచ్చిన మిలిటరీ మనిషో, లేకపోతే ఊళ్ళో మోతుబరి రైతో అయి ఉండేవాడు. ఆ బుల్లెట్ మోటారు సైకిలు నేటికీ తయారవుతూనే ఉంది. పేరు అదే, పెట్రోలు టాంకు మీద బంగారు గీతలూ అవే. కాని లోపలి ఇంజను మారింది. గేరు కుడి కాలి నుంచి ఎడమ కాలికి మారింది. చివరకు కిక్ రాడ్డు కూడా పోయింది. దూర ప్రయాణాల కోసమే తయారుచేసిన దాని తోబుట్టువులు థండర్‌బర్డ్, హిమాలయన్ బండ్లదీ అదే దారి. ఈ మార్పు మంచికా, చెడుకా అన్న దానిపై సికింద్రాబాద్‌లో బండి నడిపేవారిలో రెండు పక్షాలున్నాయి. రెండింటి మాటలోనూ నిజముంది.

కంటోన్మెంటుతో చుట్టరికం

1806లో ఏర్పడిన కంటోన్మెంటు ఈ ఊరిది. బుల్లెట్ మన దేశానికి వచ్చింది కూడా సైన్యం కోసమే. సరిహద్దుల్లో తిరగడానికి గట్టి బండి కావాలని 1950వ దశకం మొదట్లో సైన్యం వీటిని ఇంగ్లండు నుంచి తెప్పించుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఇంగ్లండు కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా స్థాపించారు. మద్రాసు దగ్గరి తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. తరువాత ఇంగ్లండులో అసలు కంపెనీ మూతపడినా, ఇక్కడ ఉత్పత్తి ఆగలేదు. 1994లో ఐషర్ సంస్థ దీనిని చేజిక్కించుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ పేరు నిలిపింది.

ఈ దశాబ్దాలన్నిటిలో ఇంజను దాదాపు ఒకే తీరున నడిచింది. పోత ఇనుము సిలిండరు, 346 సీసీ, 18 గుర్రాల శక్తి. గేరుపెట్టె వేరు, ఇంజను వేరు. బండి ఎక్కడ నిలిపినా కింద నాలుగు చుక్కల ఆయిల్ పడేది. ‘ఆయిల్ కారకపోతే అందులో ఆయిల్ లేదన్న మాట’ అన్న హాస్యం అప్పటి నుంచి ఉన్నదే.

అసలు మార్పు 2008లో థండర్‌బర్డ్‌తో వచ్చింది. గేరుపెట్టె, ఇంజను ఒకే పెట్టెలోకి చేరాయి. 2009లో క్లాసిక్, ఆ తరువాత బుల్లెట్ కూడా ఇదే ఇంజనుకు మారాయి. రెండో మార్పు 2020 నవంబరులో జరిగింది. థండర్‌బర్డ్ స్థానంలో మీటియార్ అనే బండి 349 సీసీ సరికొత్త ఇంజనుతో వచ్చింది. 2023 సెప్టెంబరులో బుల్లెట్‌కూ ఆ ఇంజనే పెట్టారు.

కాలు మాట వినదు

పాత బుల్లెట్‌కు గేరు కుడి కాలి కింద ఉండేది. పైకి ఎత్తితే మొదటి గేరు, కిందికి నొక్కుతూ పోతే తక్కినవి. బ్రేకు ఎడమ కాలికి. 1985లో హీరో హోండా, యమహా బండ్లు వచ్చాక, మన పల్లెల్లో కుర్రకారు నేర్చుకున్నది మాత్రం ఎడమ కాలి గేరే. ప్రపంచంలో దాదాపు అన్ని బండ్లూ అప్పటికే ఆ పద్ధతికి వచ్చేశాయి. చివరకు బుల్లెట్ కూడా దారికి వచ్చింది.

కొత్తగా నేర్చుకునేవారికి దీనితో పెద్ద మేలు జరిగింది. ఏ బండి ఎక్కినా ఒకటే అలవాటు. ఇరవై, ముప్పై ఏళ్ళు పాత బండి నడిపినవారికే చిక్కు. గేదె అడ్డం వచ్చినప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు, కాలు తన అలవాటు ప్రకారం పోతుంది. బ్రేకు అనుకుని గేరు నొక్కితే బండి ఆగదు. ఇంట్లో తండ్రిది పాత బండి, కొడుకుది కొత్త బండి అయితే ఈ ప్రమాదం ఇద్దరికీ ఉంది. బండి మారినప్పుడు నాలుగు రోజులు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి, ఆ తరువాతే సంతకూ బజారుకూ తీయాలని అనుభవజ్ఞులు చెబుతున్నారు.

దూరం పోయేవారి సంతోషం

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి పోయే రోడ్డు మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూరు చేరుతుంది. ఒకప్పుడు 7వ నెంబరు, ఇప్పుడు 44వ నెంబరు జాతీయ రహదారి. లడఖ్ వెళ్ళాలని బయలుదేరే కుర్రాళ్ళకు ఇదే మొదటి మెట్టు. రోడ్డు ఇరుకుగా ఉన్న కాలంలో గంటకు అరవై కిలోమీటర్లు మించి పోవలసిన పని లేదు. ఆ వేగానికి పాత బుల్లెట్ సరిగ్గా అమరింది. రోడ్డు నాలుగు వరుసలయ్యాక లారీలూ కార్లూ దూసుకుపోతుంటే, పాత బండి ఎనభై దాటగానే హ్యాండిలు వణికేది, అరచేతులు తిమ్మిరెక్కేవి.

కొత్త ఇంజనులో ఈ వణుకును అణచడానికి ఎదురు తిరిగే బరువు కడ్డీ ఒకటి అమర్చారు. రోజంతా నడిపినా నడుమూ చేతులూ నొప్పి లేవని దూర ప్రయాణికులు ఒప్పుకుంటున్నారు. మీటియార్ సీటు నేల నుంచి 765 మిల్లీమీటర్ల ఎత్తే కాబట్టి పొట్టివారికీ, ఆడవారికీ కాళ్ళు నేలకు ఆనుతున్నాయి. బటను నొక్కితే స్టార్టవుతుంది. చక్రాలు బిగుసుకుని జారకుండా ఆపే బ్రేకుల ఏర్పాటు 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన బండ్లన్నిటికీ తప్పనిసరి అయింది. దీన్ని మాత్రం పాత పక్షం వారు కూడా కాదనడం లేదు.

కొండ దారులకని 2016లో వచ్చిన హిమాలయన్ కూడా 2023 నవంబరులో పూర్తిగా మారింది. ఇంజను 411 నుంచి 452 సీసీ అయింది. శక్తి ఇంచుమించు 24 గుర్రాల నుంచి 40కి పెరిగింది. గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఇంజను పోయి రేడియేటరు వచ్చింది. పెట్రోలు టాంకు 15 లీటర్ల నుంచి 17కు పెరిగింది. హైవే మీద దీనికి తిరుగు లేదంటున్నారు. రాళ్ళ దారిలో నెమ్మదిగా ఎక్కేటప్పుడు మాత్రం పాతది ఎద్దులా లాగేదనీ, కొత్తది గుర్రంలా పరుగు కోరుతుందనీ మరికొందరి మాట.

రెంచీ చాలదు

రెండో పక్షం వాదన వేరు. పాత బండికి క్లచ్ వైరు, ప్లగ్గు, పాయింట్లు, చైను లింకు సంచిలో వేసుకుంటే కాశ్మీరు దాకా పోవచ్చు. దారిలో ఏ పల్లెలో ఆగినా, సైకిల్ షాపు మనిషి కూడా రెంచీ పట్టి నడిపించి పంపేవాడు. సికింద్రాబాద్ రాణిగంజ్ బజారుకు జిల్లాల నుంచి మెకానిక్కులు వచ్చి విడిభాగాలు పట్టుకుపోయేవారు. శబ్దం విని జబ్బు చెప్పగల పనివారు ఈ బండి మీదే తయారయ్యారు. టాపెట్ సరిచేయడం, పాయింట్ల సందు చూడడం వారికి అన్నం పెట్టిన విద్యలు.

2008 నాటి ఇంజనులో టాపెట్ తనంతట తానే సర్దుకుంటుంది, చేయి పెట్టనక్కరలేదు. 2020లో పొగ నిబంధనలు కఠినం కావడంతో 350 సీసీ బండ్లలో కార్బురేటరు పోయి, ఎంత పెట్రోలు పోయాలో కంప్యూటరే లెక్క చూసే పద్ధతి వచ్చింది. తప్పు ఎక్కడుందో తెలియాలంటే చెవి చాలదు, యంత్రం తగిలించి చూడాలి. ఆ యంత్రం పల్లె మెకానిక్కు దగ్గర ఉండడం అరుదు. కిక్ రాడ్డు లేదు గనుక బాటరీ పూర్తిగా దిగిపోతే బండి ఉన్నచోటే నిలుస్తుంది. తోసి స్టార్టు చేద్దామన్నా, పెట్రోలు పంపుకు కూడా కరెంటే కావాలి.

కొత్త బండి మాటిమాటికీ చెడడం లేదు. కాని చెడితే బాగుచేసే చేతులు దగ్గరలో లేవు. ఇదీ ఫిర్యాదులోని అసలు సంగతి. సుఖం బండి యజమానికి దక్కింది, పని మాత్రం ఊరి మెకానిక్కు చేయి దాటిపోయింది.

శబ్దం గొడవ

కొత్త బండి మెత్తగా పలకడం చాలామందికి రుచించలేదు. కొందరు సైలెన్సరు తీసేసి, పెద్ద మోత చేసేది బిగిస్తున్నారు. అది చట్టవిరుద్ధం. నగరంలో ట్రాఫిక్ పోలీసులు అటువంటి సైలెన్సర్లు ఊడదీసి రోడ్డు రోలరు కింద తొక్కించిన సందర్భాలున్నాయి. పాత బుల్లెట్ గంభీరం నెమ్మదిగా తిరిగే బరువైన ఇంజనుది, అంతేగాని ఓటి సైలెన్సరుది కాదని తెలిసినవారు మందలిస్తున్నారు.

కొనేముందు

పల్లెలో ఉండి ఇటువంటి బండి కొనదలచినవారు మూడు సంగతులు చూసుకోవాలి. ఒకటి, సర్వీసు కేంద్రం ఎంత దూరం. రెండు, తాము తిరిగేది తారు రోడ్డా, పొలం బాటా. సుమారు 190 కిలోల బండిని బురదలోంచి లాగడం ఒక్కడి పని కాదు. మూడు, ఊరి మెకానిక్కు కొత్త ఇంజను పని నేర్చుకున్నాడా. నేర్చుకోదలచిన కుర్రవాళ్ళకు ఐటీఐలలో మోటారు మెకానిక్కు శిక్షణ ఉంది. పాత బుల్లెట్ ఉన్నవారు దానిని తెగనమ్ముకోనక్కరలేదు. చేతిలో పని తెలిసినవాడు ఊళ్ళో ఉన్నంత కాలం అది నడుస్తూనే ఉంటుంది. కొత్త బండ్లకూ అటువంటి పనివాళ్ళు ఊళ్ళలో తయారైన నాడు ఈ రెండు పక్షాల వాదం సగం తీరినట్లే.