పలనాటి సీమ - తూటా యెన్నిక

వేటతుపాకి చేయించుకొనదలచినవాడు మొట్టమొదట గొట్టము నిడివిని గూర్చియు, కొయ్యపనితనమును గూర్చియు, వెండిచెక్కడమును గూర్చియు ఆలోచించుట లోకసహజము. కాని తుపాకికి ప్రాణము తూటా. గొట్టము వెనుకటి అర, లోపలి మరచుట్ల వరుస, గడియ బలము, గుండ్లపెట్టె కొలత, ఇవన్నియు తూటాను బట్టియే తీర్చబడును. పాదమును కొలిచి చెప్పు కుట్టింతురు గాని చెప్పు కొని పాదమును చెక్కుకొనువా రుండరు గదా! కావున రైఫిలు చేయించువాడు ముందు తూటాను నిర్ణయించి, పిమ్మటనే పనివాని యొద్దకు పోవలెను.

ఇది సంపన్నుల వినోదమునకు సంబంధించిన సంగతి యని పెక్కండ్రు తలపవచ్చును. మే మట్లు తలంపము. కారెంపూడిలో నేటికిని ఏటేట వీరుల ఆయుధములకు పూజ జరుగు సీమ మనది. ఈ సీమ రైతునకు చేతిలో ఆయుధ ముండవలెనా, ఉన్నచో నెట్టి దుండవలెను అను ప్రశ్న నూరేండ్లకు పైగా పాలకుల యిష్టాయిష్టములతో ముడివడి యున్నది. తూటా యెన్నిక వెనుక మూడు శక్తులు పనిచేయును: మొదటిది మృగము, రెండవది ఎండ, మూడవది ప్రభుత్వము.

మృగమును గూర్చి మొదట విచారింతము. మాచర్ల, దుర్గి, వెల్దుర్తి ప్రాంతముల యడవులు నల్లమలతో కలిసిపోవును. ఇందు చిరుతయు, దుప్పియు, కడితియు, మనుబోతును, అడవిపందియు గలవు. ఏనుగు లేదు. కావున ఏనుగును పడగొట్టుటకై ఇంగ్లండున పుట్టిన .470 వంటి పెద్ద తూటాకు పలనాట పని లేదు. దాని గుండు 500 గ్రెయినులు, అనగా సుమారు 32 గ్రాములు. దానిని పేల్చు జోడుగొట్టముల రైఫిలు మోయువాని భుజమునకును భారమే, పేల్చువాని భుజమునకును భారమే. జిమ్ కార్బెట్టు చంపావతి పులిని చంపిన పిమ్మట 1907లో ఆయనకు బహూకరింపబడిన రైఫిలు .275 రిగ్బీ. దాని గుండు 140 గ్రెయినులు, 9 గ్రాములకు కొంచె మెక్కువ. అట్టి చిన్న గుండుతోనే ఆయన నరభక్షకమృగములను పెక్కింటిని కూల్చెను. చిత్తూరు మండలమున చామల లోయలో తిరిగిన పులిని గూర్చి వ్రాసిన కెన్నెత్ ఆండర్సను .405 వించెస్టరును వాడెను. దాని గుండు 300 గ్రెయినులు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, రెండును పనిచేసినవి. గుండు బరువుకంటె అది తగిలిన చోటు ముఖ్యమని దీనివలన స్పష్టమగుచున్నది. భుజమును అదరగొట్టు తుపాకి గలవాడు పేల్చుటకు ముందే కన్నులు మూయును. వాని గురి తప్పును. గాయపడిన మృగము పొదలో దాగి మరునాడు పుల్లలకై పోయిన నిరపరాధిని చంపును.

ఎండ మాటకు వత్తము. రెంటచింతల పేరు వినినంతనే తెలుగువారికి వేసవి తలపునకు వచ్చును. తూటాలోని మందు వేడెక్కినకొలది వేగముగా మండును. గొట్టములో ఒత్తిడి హెచ్చును. ఇత్తడి తొడుగు ఉబ్బి అరలో బిగిసికొనును. ఎదుట మృగ ముండగా కాలిన తొడుగు వెలికి రాకున్న వేటగాని గతి యేమి? 1889లో పుట్టిన కార్డైటు మందునకు ఈ దోషము మెండుగా నుండెను. అందువలననే ఉష్ణదేశములకై తూటాలు చేసినవారు తొడుగును పెద్దది చేసి ఒత్తిడిని తగ్గించిరి. 1911లో రిగ్బీవారి .416 ఇట్టిదే. 1912లో హాలండ్ అండ్ హాలండు వారు చేసిన .375 తొడుగు మూతివైపునకు సన్నగిల్లుచు పోవుటచేత వేడిలోను సులభముగా జారి వచ్చును. నేటి మందులు కార్డైటుకంటె మేలైనవే గాని ఎండకు లొంగనివి కావు. తూటాలను ఎండలో నిలిపిన కారులో నుంచుట నేటికిని ప్రమాదమే.

ఇక మూడవది ప్రభుత్వము. ఇదియే అన్నిటికంటె బలవత్తరము. 1878లో లిట్టను ప్రభువు తెచ్చిన ఆయుధచట్టము భారతీయుని చేతినుండి తుపాకిని తీసికొని, తెల్లవానిని మాత్రము ఆ కట్టడినుండి మినహాయించెను. పిమ్మట 1907 ప్రాంతమున .450 బోరు రైఫిళ్ళు ఈ దేశమునకు రాగూడదని నిషేధము పుట్టెను. .303 కూడ పౌరులకు నిషిద్ధమే యయ్యెను. కారణ మేమి? ఆ కొలతల తుపాకులు సైన్యమున నుండెను. పౌరుల తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కునని పాలకుల భయము. అంతట ఇంగ్లండు తుపాకి పనివారు కొద్దికాలములోనే .465, .470, .475, .476 అను క్రొత్త కొలతలను సృష్టించిరి. .450 పోయి .470 వచ్చుట పులిని చూచి కాదు, ప్రజలను చూచి! పేరున అంగుళములో నూటికి రెండు వంతుల ఎదుగుదలకు మూలము పాలకుల అవిశ్వాసమే.

ఆ భయము నిరాధారము కాదని మన్యము నిరూపించెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడి వెడలి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను గైకొనెను. తుపాకితోబాటు దానికి సరిపడు తూటాలును చిక్కుటచేతనే ఆ తుపాకులు పనికివచ్చినవి. ఆ యేడే ఫిబ్రవరిలో పుల్లరి నిరాకరణోద్యమమున మన పలనాటి కన్నెగంటి హనుమంతు సర్కారు గుండ్లకు బలియయ్యెను. ఒకచోట అడవిబిడ్డలు తూటాలు తీసికొనిరి, వేరొకచోట అడవిపొరుగు రైతు తూటాల కెదురు నిలిచెను. 1930 జనవరిలో గాంధీమహాత్ముడు ప్రకటించిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సు లిచ్చుట యొకటి. 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానమును చట్టబద్ధముగా ఆయుధము ధరించు హక్కును పౌరునకు చేర్చెను. అహింసను బోధించినవారే ఇట్లు కోరుటలో వైరుధ్యము లేదు. ఆయుధము విడుచుట వేరు, ఆయుధము లాగికొనబడుట వేరు.

స్వరాజ్యము వచ్చిన పిదప 1959లో క్రొత్త ఆయుధచట్టము వచ్చెను. సైన్యపు కొలతలు సామాన్యునకు నిషిద్ధములే యైనవి. ఈషాపూరు కార్ఖానా పౌరులకై చేసిన రైఫిలు .315. దీని మూలము ఆస్ట్రియా సైన్యపు పాత తూటా. తెల్లదొరల సైన్యమున లేనిది గనుక అది భారతీయునకు దక్కెను! అమెరికా సైన్యము 1906లో గ్రహించిన .30-06ను కూడ ఈ కార్ఖానా చేసినది. విదేశపు తుపాకులను తెప్పించుకొనుట 1980 దశకము నడిమినుండి సామాన్యునకు మూతపడినది. పాత లోగిళ్ళలో పెద్దలు ముచ్చటపడి చేయించుకొనిన రైఫిళ్ళు కొన్ని తూటాలు దొరకక గోడమేకులకు వ్రేలాడుట కిదియే హేతువు. దొరకని తూటా ఎంత శ్రేష్ఠమైనను కొఱగానిదే.

ఇప్పుడు 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగా ఏర్పడిన పల్నాడు జిల్లాను చూతము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించిన పిమ్మట వినోదపు వేటకు తావు లేదు. ఉండవలసిన పనియు లేదు; నాగార్జునసాగరము - శ్రీశైలము పులుల యభయారణ్యము మన పొరుగుననే యున్నది. కాని మొక్కజొన్న చేనిలో రాత్రి దిగు అడవిపందుల గుంపునకు చట్టము తెలియదు. ఏడాది కష్టము ఒక్క రాత్రిలో మట్టిగలిసిన రైతు, గతిలేక పొలముచుట్టు కరెంటు తీగ లాగుచున్నాడు. దానికి పంది చిక్కునో, పొరుగు రైతు చిక్కునో, నీరు పెట్టబోయిన కొడుకే చిక్కునో యెవ రెరుగుదురు?

దీనికి చట్టములోనే దారి యున్నది. నిలిచిన పంటకు ముప్పు తెచ్చు మృగమును కొట్టుటకు, కారణములు వ్రాసి, అటవీశాఖ అధికారి ఉత్తర్వు ఈయవచ్చునని 11వ సెక్షను చెప్పుచున్నది. 1959 నాటి ఆయుధచట్టము 13వ సెక్షను పంటకాపుకు నాటు తుపాకిని, అది చాలనిచో మరచుట్లు లేని నున్నని గొట్టపు తుపాకిని మాత్రమే చెప్పినది, రైఫిలును గాదు. ఈ వివేకమును మేము మెచ్చుకొనుచున్నాము. .30-06 గుండు అడ్డు లేకున్న రెండు మైళ్ళు దాటిపోవును. పలనాటి నేల నాపరాతి నేల. రాతిని తాకిన గుండు దిక్కు మార్చుకొని యే పూరింటిలో దూరునో చెప్పలేము. పన్నెండు బోరు తుపాకి పెద్దగుండ్ల తూటా ముప్పది నలువది గజములలో పందికి చాలును. దాని గుండ్లు కొన్ని వందల గజములలోనే బలము చెడి నేలబడును. కాబట్టి చేనిగట్టున దీనినే ఎన్నవలెను. లైసెన్సు గల రైఫిలు నెవరైన అనుమతితో వాడవలసివచ్చినచో దేశమున దొరకు .315 కాని .30-06 కాని చాలును. అదియు వెనుక మట్టిగట్టు ఉన్నప్పుడే, మంచె మీదినుండి క్రిందికి గురిపెట్టియే పేల్చవలెను.

అయితే తూటా ఎంత మంచిదైనను ఉత్తర్వు పంట పోయిన పిదప వచ్చినచో ప్రయోజన మేమి? కేరళ ప్రభుత్వము 2022లో పందుల విషయమున ఈ యధికారమును స్థానికసంస్థల పెద్దలకు అప్పగించెను. మన ప్రభుత్వమును మండలమునకు కొందరు గురికాండ్రను తర్ఫీదు చేసి, వారి పేళ్ళు పంచాయతీలలో ప్రకటించి, ఉత్తర్వు రెండు మూడు దినములలో అందునట్లు చేయవలెను. చంపిన మృగము చట్టప్రకారము సర్కారు సొత్తు గనుక మాంసమునకై అనుమతి కోరువాడు ఉండడు. నాటి ప్రభుత్వము ప్రజలను శంకించి తూటా కొలతను మార్చెను. మన ప్రభుత్వము ప్రజలను నమ్మి, అడవిని కాపాడుచునే చేనిని కాపాడు తూటాను సకాలమున అందనిచ్చినచో కరెంటు తీగలు వాటంతట అవియే చేలగట్లనుండి తొలగును.