కాలు చల్లబడితే కాలయాపన వద్దు

కీమోథెరపీ అనగానే మనకు జుట్టు రాలడం, వాంతులు, నీరసం గుర్తొస్తాయి. నెత్తురు గడ్డకట్టి ధమని మూసుకుపోయే ప్రమాదం ఉందని చాలామందికి తెలీదు. ఇది అరుదే. కానీ వచ్చిందంటే రోజులు కాదు, గంటలే లెక్క.

మాది కల్వకుర్తి. మా అక్కకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. హైదరాబాద్‌లో ఉండి రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ ఇంజెక్షన్ తీసుకునేది. నాలుగో వారం సెలవు రోజని ఇంటికొచ్చింది. పొద్దున్నే "చెల్లె, కుడికాలు సల్లగైంది, మొద్దుబారింది" అంది. వాడకట్టు ఆడవాళ్లు వేన్నీళ్లు పోయమన్నారు, నూనె రాసి మర్దన చేయమన్నారు. రెండు పాదాలూ పట్టుకు చూశాను. ఒకటి వెచ్చగా ఉంది, రెండోది తెల్లగా పాలిపోయి మంచుగడ్డలా ఉంది. ఊళ్లో డాక్టరు నాడి చూసి, పాదంలో అందడం లేదంటూ వెంటనే హైదరాబాద్ పంపారు. దాదాపు 80 కిలోమీటర్లు! ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. కాలు దక్కింది, రెండు వేళ్లు దక్కలేదు.

సిరలో గడ్డకడితే కాలు వాచి, వెచ్చగా ఎర్రబడుతుంది. ధమనిలో అయితే నెత్తురే అందక నొప్పి, తిమ్మిరి, పాలిపోవడం, చల్లబడడం. సుమారు 6 గంటలు దాటితే కండరాలు చచ్చిపోవడం మొదలవుతుంది. అదే గడ్డ మెదడులో అయితే మూతి వంకరపోతుంది, మాట ముద్దగా వస్తుంది, చేయి పడిపోతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనికొచ్చేవాళ్లకు దాన్ని నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. గుండెలో అయితే ఛాతీనొప్పి.

ఎందుకిలా? క్యాన్సరే నెత్తురును గడ్డకట్టేలా చేస్తుంది. ఈ సంబంధాన్ని 1865లోనే పారిస్ వైద్యుడు ట్రూసో గుర్తించాడు. సిస్‌ప్లాటిన్‌లాంటి మందులు నాళాల లోపొరను దెబ్బతీస్తాయి. బీపీ, షుగర్, పొగాకు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

అలాగని కీమో మానకండి, ప్రాణం నిలిపేదీ అదే. వేన్నీళ్లు, మర్దన మాత్రం వద్దు. మొద్దుబారిన కాలికి కాలినా తెలీదు. ఆస్పిరిన్ సొంతంగా వేసుకోకండి. కీమోతో ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు రక్తస్రావం కావచ్చు. వాంతులు ఆగకపోతే ఒంట్లో నీరు తగ్గకముందే డాక్టరుకు చెప్పండి. ఏ మందు, ఏ తేదీన ఇచ్చారో రాసిన కాగితం చేతికందేచోట ఉంచండి. అనుమానం రాగానే 108కి ఫోన్ చేసి, "కీమో నడుస్తోంది" అని మొదటే చెప్పండి. ఇంటిల్లిపాదికీ ఈ సంగతి తెలిసుండాలి.