ఎగిరే వీరుల ఊరు పారగాన్ సిటీ

అమెరికాలోకెల్లా చిన్న రాష్ట్రం రోడ్ ఐలండ్. ఆ రాష్ట్రంలో ఏ పటంలోనూ కనిపించని నగరం ఒకటుంది. పేరు పారగాన్ సిటీ. సిటీ హాలుంది, ఆసుపత్రులున్నాయి, ట్రామ్ స్టేషన్లున్నాయి, ఓడరేవుంది, పేరుమోసిన జైలుంది. వీధుల్లో జనం ఎవరి పని మీద వాళ్లు నడుస్తుంటారు. తలెత్తి చూస్తే మాత్రం ఒకరు ఒళ్లంతా మంటలతో ఎగిరిపోతుంటారు, ఇంకొకరు ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి ఒక్క గెంతులో దాటేస్తుంటారు. కింద నడిచేవాళ్లను కంప్యూటర్ నడిపిస్తుంది. పైన ఎగిరేవాళ్లలో ఒక్కొక్కరి వెనకా ఎక్కడో ఒక మనిషి ఉంటారు.

‘సిటీ ఆఫ్ హీరోస్’ అనే ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ కోసం కట్టిన ఊరిది. కాలిఫోర్నియాకు చెందిన క్రిప్టిక్ స్టూడియోస్ తయారుచేస్తే, దక్షిణ కొరియా కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ 2004 ఏప్రిల్‌లో విడుదల చేసింది. వేలమంది ఒకేచోట కలిసి ఆడే ఆటలంటే అప్పట్లో ఎక్కువగా కత్తులు, డ్రాగన్లు, మంత్రగాళ్లే. ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ కూడా అదే ఏడాది నవంబరులో వచ్చింది. కామిక్ పుస్తకాల్లోని సూపర్ హీరోలకు ఆ స్థాయిలో ఒక నగరం కట్టివ్వడం ‘సిటీ ఆఫ్ హీరోస్’తోనే మొదలు. ఇరవయ్యేళ్లు దాటిన ఆ నగరంలో ఇన్నాళ్లకు అడుగుపెట్టాను. బొమ్మలు పాతబడి, జనం పలచబడి ఉంటారనుకుని వెళ్తే, అక్కడ కనిపించింది వేరు.

ఊళ్లోకి వెళ్లేముందు గుమ్మం దగ్గరే చాలాసేపు ఆగిపోతాం. ముందు మన శక్తి ఎలా వచ్చిందో చెప్పాలి: పుట్టుకతో వచ్చిన మార్పా, మంత్రమా, విజ్ఞానమా, యంత్రమా, లేక ఒట్టి సాధనా? తర్వాత ఏ తరహా వీరులమో తేల్చుకోవాలి. దెబ్బలన్నీ తన మీదికి లాక్కునే ట్యాంకర్, దూరం నుంచి కాల్చే బ్లాస్టర్, దగ్గరికెళ్లి తలపడే స్క్రాపర్, శత్రువును కదలనీయని కంట్రోలర్, తోటివాళ్లను కాపాడే డిఫెండర్. ఈ అయిదూ మొదటినుంచీ ఉన్నవి, తర్వాత ఇంకా చేరాయి. నేను డిఫెండర్‌ని ఎంచుకున్నాను. గాయాలు మాన్పే శక్తి ప్రధానం, చేతుల్లోంచి దూసుకొచ్చే వెలుగు తోడు.

ఇక కాస్ట్యూమ్. ఈ ఆటకు పేరు తెచ్చిన గది ఇదే. భుజాల వెడల్పు, నడుము, కాళ్ల పొడవు, దవడ ఎముక, అన్నీ మన చేతిలో ఉంటాయి. చేతి తొడుగులకు ఒక రంగు, వాటి అంచుకు ఇంకో రంగు. బూట్లు, బెల్టు, ముసుగు, కొమ్ములు, రెక్కలు, తోక... ఒక్కోదానికీ ఎన్నో రకాలు. ఇందులో ఏదీ మన బలాన్ని పెంచదు, తగ్గించదు. మిగతా ఆటల్లో మంచి కవచం దొరికితే అది ఎంత వికారంగా ఉన్నా తొడుక్కోక తప్పదు, చివరికి పెద్ద లెవెల్ వాళ్లంతా ఒక్కలాగే తయారవుతారు. ఇక్కడ రూపాన్ని బలం నుంచి పూర్తిగా విడదీశారు. కాబట్టి ఇక్కడ ఎదురయ్యే ప్రతి ఆకారం ఒకరు ఇష్టపడి, కూర్చుని చేసుకున్నది. ఈ ఒక్క నిర్ణయమే ఊరి స్వభావాన్ని మార్చేసిందని నా నమ్మకం.

ఈ గది కోర్టు మెట్లు కూడా ఎక్కింది. ఆటగాళ్లు హల్క్‌లాంటివాళ్లను, వుల్వరిన్‌లాంటివాళ్లను ఇక్కడ తయారుచేసుకుంటున్నారంటూ 2004 నవంబరులో మార్వెల్ కంపెనీ దావా వేసింది. 2005 డిసెంబరులో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. కాస్ట్యూమ్ గది ఉన్నది ఉన్నట్టే మిగిలింది.

ఆ గదిలో నేను ఎంచుకున్నవి పసుపు దుస్తులు, కుంకుమ రంగు అంచు, మోకాళ్ల దాకా బూట్లు. పేరు దగ్గర ఇంగ్లిష్ వాళ్లకు కష్టమే. ఒక సర్వర్‌లో ఒక పేరు ఒక్కరికే, కాబట్టి పిడుగులూ మెరుపులూ ఇంగ్లిష్‌లో ఎప్పుడో అయిపోయి ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘ఊరట’ అని టైప్ చేస్తే వెంటనే దొరికింది.

కొత్తవాళ్లు దిగే పేట అట్లాస్ పార్క్. నడిబొడ్డున సిటీ హాలు, దాని ముందు భూగోళాన్ని భుజాల మీద మోస్తున్న భారీ విగ్రహం. ఊరి కథ ప్రకారం అట్లాస్ అనేవాడు ఈ ఊరి తొలితరం వీరుల్లో ఒకడు. 1941లో నాజీ సేనలు ఓడరేవు మీద పడితే వంతెన దగ్గర అడ్డంగా నిలబడి ప్రాణాలిచ్చాడు. విగ్రహం దగ్గర్లోనే మిస్ లిబర్టీ నిలబడి ఉంటుంది. లెవెల్ పెరిగినప్పుడు ఆమె దగ్గరికి వెళ్తే కొత్త శక్తి నేర్పుతుంది. ఆ మెట్ల మీద, ఆ విగ్రహం నీడలో ఎప్పుడు చూసినా మనుషులే. పని లేకపోయినా వచ్చి నిలబడతారు. ఒకరి వేషం ఒకరు చూసుకుంటారు, బాగుంటే బాగుందని రాస్తారు. కాస్ట్యూమ్ పోటీలు జరిగేదీ ఇక్కడే. ఎవరో తెలియని ఒక రాతి మనిషి నా ముందు ఆగి, రంగులు బాగా కుదిరాయని రాసి, ఎగిరి వెళ్లిపోయాడు.

పక్క వీధిలోకి తిరగ్గానే మొదటి పని తగిలింది. హెల్లియన్స్ అనే ముఠావాడు ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ పట్టుకు లాగుతున్నాడు. ఆవిడ వదలడం లేదు. ఇద్దరూ అటూ ఇటూ ఊగుతున్నారు. వాడి జతగాడు పక్కనే కాపలా. వెలుగు బాణం తగలగానే జతగాడు వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకున్నాడు. రెండోవాడు బ్యాగ్ వదిలి నా మీదికొచ్చాడు. వాడు పడిపోయాక ఆవిడ పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చి, పేరు పెట్టి మరీ కృతజ్ఞతలు చెప్పింది. కంప్యూటర్ పలికించిన మాటే. అయినా ఆ పేరు నేను పెట్టుకున్న పేరు కదా. ఈ పనికి డబ్బులు రావు, పలుకుబడి వస్తుంది. ఊళ్లో చెల్లేది అదే. అంగడిలో ఏదైనా కొన్నా, కాస్ట్యూమ్ మార్చుకున్నా ఆ పలుకుబడినే ఖర్చుపెట్టాలి. ఓడిపోతే చావు లేదు, ఆసుపత్రిలో కళ్లు తెరుస్తాం. ఓడిపోయిన దొంగ కూడా చచ్చిపోడు, బ్రిక్స్‌టౌన్ జైలుకు చేరతాడని కథ.

ఎగరడం గురించి చెప్పాలి. మొదట్లో అందుకోసం 14వ లెవెల్ దాకా ఆగాల్సి వచ్చేది, కొత్తవాళ్లంతా వీధుల్లో కాలినడకన పరుగులు తీసేవాళ్లు. ఇప్పుడు నాలుగో లెవెల్‌కే దొరుకుతుంది. ఎగరడం, మెరుపువేగంతో పరుగెత్తడం, గెంతడం, మాయమై ఇంకోచోట తేలడం అనే నాలుగు దారుల్లో ఏదైనా పట్టుకోవచ్చు. నేను ఎగిరాను. వేగం మిగతావాటికంటే తక్కువే, కానీ స్టీల్ కాన్యన్‌లో ఆకాశహర్మ్యాల మధ్య నుంచి పైకి లేస్తుంటే ఒక్కో అంతస్తు కిందికి జారుతూ, వీధిలోని కార్లు చుక్కలై, చివరికి డాబాల మీది నీళ్ల ట్యాంకులు కూడా కాళ్ల కిందికి వచ్చేశాయి. చాలా ఆటల్లో పై అంతస్తులు ఒట్టి రంగు పూసిన గోడలు. ఇక్కడ ఊరిని నిలువునా కట్టారు.

ఆ ఎత్తు నుంచే మరొకటి కనిపిస్తుంది. పేటకూ పేటకూ మధ్య ఆకాశమంత ఎత్తున నీలంగా మిలమిలలాడే గోడలు. వాటిని వార్ వాల్స్ అంటారు. 2002 మేలో రిక్టీ అనే గ్రహాంతర జాతి ఊరి మీద దండెత్తిందనీ, ఆ యుద్ధం తర్వాత రక్షణ కోసం ఇవి కట్టారనీ కథ. అసలు సంగతేమిటంటే సర్వర్ ఒక్కో పేటను విడివిడిగా నడుపుతుంది, ఎక్కడో ఒకచోట హద్దు గీయక తప్పదు. ఆ హద్దును దాచకుండా దానికే చరిత్ర రాశారు. కేపుల విషయంలోనూ అంతే. విడుదల నాటికి వీపు వెనక ఎగిరే కేప్ ఆటలో లేదు, కొన్ని నెలల తర్వాత చేర్చారు. రిక్టీ లోకానికి వెళ్లి తిరిగిరాని ‘హీరో 1’ గౌరవార్థం, తగినంత సేవ చేసేదాకా కొత్తవాళ్లు కేప్ ధరించకూడదని కథ అల్లి, 20వ లెవెల్‌లో ఒక మిషన్ పెట్టారు. లోటును ఆచారంగా మలచిన ఈ నేర్పు నాకు ఎంతో నచ్చింది.

మిగతా పేటలు కొన్ని దాటుకుంటూ వెళ్లాను. కింగ్స్ రో మసకబారిన కార్మికవాడ. పెరెజ్ పార్క్‌లో చెట్ల మధ్య దారి తప్పడం ఖాయం. ఇండిపెండెన్స్ పోర్ట్ నీళ్లలో లస్కా అనే మహా ఆక్టోపస్ అప్పుడప్పుడు పైకి లేస్తుంది.

అసలు ఊరు అర్థమైంది టీమ్‌లో చేరాకే. నేనింకా ఆరో లెవెల్‌లో ఉండగా, మనుషులు కావాలని ఎవరో చాట్‌లో రాశారు. నేను చాలా చిన్న లెవెల్ అని చెప్పాను. పరవాలేదు, రమ్మన్నారు. మరుక్షణం నా లెవెల్ వాళ్ల నాయకుడి లెవెల్‌కు ఒక మెట్టు దిగువకు పెరిగిపోయింది. దీన్ని సైడ్‌కిక్ పద్ధతి అంటారు. మొదట్లో ఒక పెద్ద ఆటగాడు ఒక చిన్నవాణ్ని మాత్రమే ఇలా తన వెంట తిప్పుకోగలిగేవాడు. 2009 నుంచి టీమ్ మొత్తానికి ఇది దానంతటదే జరిగిపోతోంది. పెద్దవాళ్లు కిందికి దిగి చిన్న మిషన్లు ఆడేందుకూ వీలుంది. నిన్న చేరినవాళ్లు, పదేళ్లుగా ఆడుతున్నవాళ్లు ఒకే గదిలో, ఒకే పోరాటంలో ఉండొచ్చు. స్నేహితుడు ముందే మొదలుపెట్టి చాలా దూరం వెళ్లిపోయాడు, ఇక కలిసి ఆడలేం అన్న బాధ మిగతా ఆటల్లో ఎంతమందిని దూరం చేసిందో ఆడినవాళ్లకు తెలుసు. సాటి ఆటలన్నీ దీన్ని మొదటిరోజే నేర్చుకోవాల్సింది.

మిషన్ గుమ్మం ఎక్కడో దూరపు పేటలో ఉంది. ఒకరు తన శక్తితో నన్ను అక్కడికే రప్పించుకున్నారు. లోపల ఫ్రీక్‌షో ముఠా: చేతులు కోసేసుకుని ఇనుప పంజాలు, రంపాలు తగిలించుకున్నవాళ్లు. వీళ్లతో చిక్కేమిటంటే, పడిపోయాడనుకున్నవాడు కాసేపటికి మళ్లీ లేచి నిలబడతాడు. మా ట్యాంకర్ గుంపు మధ్యలోకి దూకాడు. మిగతావాళ్లు ముందుకు వెళ్లిపోయారు. వెనక పడివున్న పెద్దవాడు లేచి ట్యాంకర్ వీపు మీద పంజా విసిరాడు. అతని ప్రాణాల గీత సగానికి, సగం నుంచి పావుకు పడిపోతోంది. నాకున్నవి చిన్న మందులే, ఒకటి దగ్గరివాళ్లందరికీ, ఒకటి ఒక్కరికి. రెండూ ఒకదాని వెనక ఒకటి వాడాను. అతని తల మీద ఆకుపచ్చ అంకెలు పైకి లేచాయి. గీత ఆగింది, మెల్లగా పెరిగింది. పోరాటం ముగిశాక అతను రాసినదాని సారాంశం: ఊరట లేకపోతే ఆసుపత్రికి వెళ్లేవాణ్ని. నా కంటే ఎన్నో రెట్లు పెద్దవాడికి నా అవసరం కలిగేలా ఆటను రాశారు. దీనంతటి గొప్ప పని ఆ స్టూడియో మరొకటి చేయలేదు.

లోపాలు లేవని కాదు. మిషన్లు జరిగే భవనాలు అవే అవే ఎదురవుతాయి: అదే ఆఫీసు, అదే గోదాము, అవే వంకర గుహలు. చీకటి గుహలో చివరి శత్రువు ఏ మూల దాక్కున్నాడో వెతకడం విసుగే. బొమ్మల వయసు తెలుస్తూనే ఉంటుంది. 2011లో వచ్చిన ‘డీసీ యూనివర్స్ ఆన్‌లైన్’ చూపుకు దీనికంటే కొత్తగా ఉంటుంది. కానీ అక్కడ బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ ఉన్న లోకంలో మనం అతిథులం. పారగాన్ సిటీలో మనమే స్థానికులం.

ఈ ఊరు ఒకసారి పోయింది. 2012 ఆగస్టు 31న ఎన్‌సీసాఫ్ట్ ఆటను ఆపేస్తున్నట్టు, దాన్ని నడుపుతున్న పారగాన్ స్టూడియోస్‌ను మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆటగాళ్లు వేల సంతకాలతో వినతిపత్రం ఇచ్చారు. అట్లాస్ పార్క్‌లో కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. నవంబరు 30న సర్వర్లు ఆగిపోయాయి. కోట్ల ఖర్చుతో కట్టినది కంపెనీ సొత్తే కావచ్చు. అందులో ఎనిమిదేళ్లపాటు మనుషులు పెంచుకున్న స్నేహాలు ఎవరి సొత్తు? నా దృష్టిలో, ఒక ఊరిని మూసేసే హక్కు పూర్తిగా ఒక్కరి చేతిలో ఉండకూడదు.

2019 ఏప్రిల్‌లో అసలు విషయం బయటపడింది. కొందరు ఏళ్ల తరబడి రహస్యంగా ఈ ఆటను సొంత సర్వర్‌లో నడుపుతున్నారని తెలిసి, తమకు చెప్పలేదని మిగతా ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ తర్వాత కోడ్ అందరి చేతికీ వచ్చింది. ‘హోమ్‌కమింగ్’ పేరుతో స్వచ్ఛంద బృందం ఒకటి ఊరిని మళ్లీ తెరిచింది. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ ఆ బృందానికి అధికారికంగా లైసెన్స్ ఇచ్చింది. మూతపడిన ఆన్‌లైన్ ఆటను అభిమానులే నిలబెట్టి, చివరికి సొంతదారు చేతే అనుమతి ఇప్పించుకోవడం అరుదైన సంగతి. ఖర్చులు విరాళాలతో నడుస్తాయి. అవసరమైనంత రాగానే తీసుకోవడం ఆపేస్తారు.

మన ప్రాంతం నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి భోజనాల వేళ మనకు తెల్లవారుజాము, టీమ్‌లు తేలిగ్గా దొరికేది అప్పుడే. రాత్రి మేలుకునేవాళ్లకు యూరప్ ఆటగాళ్ల కోసం పెట్టిన ‘రీయూనియన్’ సర్వర్ నప్పుతుంది. మీట నొక్కాక దెబ్బ పడడానికి కాస్త ఆలస్యమవుతుంది, ఈ ఆటకు అది పెద్ద అడ్డంకి కాదు. పాత కంప్యూటరైనా చాలు. కాస్ట్యూమ్ గదిలో తొందరపడకండి. తెలుగు పేర్లు ఇంకా బోలెడు మిగిలే ఉన్నాయి. లోపలికి వెళ్లాక అట్లాస్ విగ్రహం దగ్గర నిలబడి, కొత్తగా వచ్చామని చాట్‌లో ఒక్క ముక్క రాయండి, ఎవరో ఒకరు పలుకుతారు. ఖాతా తెరవడానికి గానీ, నెలనెలా ఆడడానికి గానీ పైసా కట్టనక్కర్లేదు.